మేనేజరుకు అర్హత లేదు

"నలభై అయిదు రోజుల్లో కుక్కా కోడీ ఒకే వాకిట్లో, ఒకే ఎండలో, పక్కపక్కన పడుకుంటాయి. పడుకోకపోతే నన్నడగండి" అని పశుసంక్షేమ మంత్రిగారు సభలో బల్ల గుద్ది ప్రకటించారు. ఆ గుద్దుకి బల్లమీది మంచినీళ్ళ గ్లాసు ఒలికి, పక్క మంత్రిగారి ఫైళ్ళు తడిశాయి. చరిత్రాత్మక ప్రకటనలకి ఆ మాత్రం నష్టం తప్పదు.

దీనికో కారణం ఉంది. అంతకుముందు రోజు ప్రతిపక్ష నాయకుడు లేచి, "ఈ పాలనలో ఒక కోడి కూడా నిర్భయంగా వీధిలో తిరగలేకపోతోంది" అన్నాడు. ఆయన మాటవరసకి అన్నాడు. మా మంత్రిగారికి మాటవరసలు తెలియవు. ఏది విన్నా అక్షరాలా తీసుకునే నిజాయితీపరుడు. వెంటనే అధికారుల్ని పిలిచి, "కోడికి ఎవరంటే భయం?" అని అడిగారట. మనుషులంటే అని చెప్పే ధైర్యం ఎవరికీ లేక, కుక్కలంటే అని చెప్పారట. కుక్కలకి ఓట్లు లేవు కాబట్టి ఫైలు చకచకా కదిలింది. పథకానికి 'అభయ వాకిలి' అని పేరు పెట్టారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? పశుసంక్షేమ కార్యాలయం గేటుకి ఎదురుగా ఒక బల్ల, దానిమీద ఒక కంప్యూటరు పెట్టుకుని దరఖాస్తులు నింపిపెట్టడం నా వృత్తి. లోపలి కబురు బయటికి రావాలన్నా, బయటి గోడు లోపలికి పోవాలన్నా నా బల్ల మీదుగా పోవాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వాన్ని ఇంత దగ్గరగా చూసినవాణ్ణి కనక చెబుతున్నాను. ప్రభుత్వం తలుచుకుంటే కాని పని లేదు. తను తలుచుకోకుండానే అయిపోయిన పనిని మాత్రం అది ఒక పట్టాన క్షమించదు.

ఆ తప్పు చేసింది మా పెద్దమ్మ.

పెద్దమ్మ మోటారు షెడ్డు వెనక వీధిలో ఉంటుంది. రెండు గదులు, వెనక గోడదాకా ఖాళీ జాగా, అందులో పదిహేడు కోళ్ళు. పొద్దున్నే గూడు తలుపు తీస్తే చీకటిపడేదాకా వాటి ఇష్టం వాటిది. గుడ్లు ఆసుపత్రి క్యాంటీనుకీ, రెండు టీ కొట్లకీ, వీధిలో ఓ పన్నెండిళ్ళకీ వెళతాయి. పెదనాన్న పోయాక ఆవిడ ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతుకుతున్నది ఆ కోళ్ళమీదే. మూసిపెట్టి పెంచమని ఎవరైనా సలహా ఇస్తే, "నిన్ను మూసిపెడితే నువ్వు పెడతావా?" అని అడుగుతుంది. అడిగినవాళ్ళు మళ్ళీ ఆ ఊసెత్తరు.

ఆ జాగాలో ఒక కుక్క కూడా ఉంది. పేరు మేనేజరు. షెడ్డులో మెకానిక్కులు పెట్టిన పేరది. స్వయంగా ఏ పనీ చెయ్యడు, కాని తను కూర్చున్నచోట అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు అని వాళ్ళ భావం. మేనేజరు ఎండలో పడుకుంటే కోళ్ళు వాడి వీపెక్కి ఈకలు సర్దుకుంటాయి. ఇది ఊరికే రాలేదు. వాడు కూనగా ఉన్నప్పుడు పెద్దమ్మ నడుముకి ఒక తాడు చుట్టుకుని, రెండో కొస వాడి మెడకి కట్టి, కోళ్ళ మధ్యన పనులు చేసుకునేది. వాడు కోడివైపు చూసి పళ్ళు నూరితే తాడు బిగించి నిలబడేది. కోడివైపు చూసి మొహం పక్కకి తిప్పుకుంటే ఒక రొట్టెముక్క. కొట్టలేదు, తిట్టలేదు. ముందు వాడికి కడుపునిండా పెట్టి, తరవాతే గూడు తలుపు తీసేది. ఏడాదిన్నర పట్టింది. ఆ తరవాత తాడు విప్పేసింది.

మంత్రిగారి ప్రకటన వచ్చిన వారానికి కార్పొరేషను నోటీసు వచ్చింది. మంత్రిగారు చెప్పిన నలభై అయిదు రోజులూ తీరిన నాటినుంచి ఏ వాకిట్లోనైనా కోళ్ళు విడిగా తిరగాలంటే, ఆ వాకిట్లో అభయ వాకిలి సర్టిఫికెట్టున్న కుక్క ఒకటి ఉండి తీరాలి. లేకపోతే కోళ్ళని స్వాధీనం చేసుకుంటారు.

పెద్దమ్మ నోటీసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "దీనికంత కంగారెందుకు పెద్దమ్మా? దేశం మొత్తంమీద ఆ సర్టిఫికెట్టు రావాల్సింది మన మేనేజరుకే" అన్నాను. నా ఇరవై రెండేళ్ళ అనుభవం ఆ క్షణాన ఎక్కడికి పోయిందో తెలియదు.

పథకానికి ప్రత్యేకాధికారిగా వచ్చినాయన చాలా సమర్థుడు. అంతకుముందు ఎండిన చెరువుల్లో చేపల పెంపకం చూశారు. నా మాట విని స్వయంగా జీపులో పెద్దమ్మ ఇంటికి వచ్చారు. మేనేజరు వీపుమీద నల్లపెట్ట నిద్రపోతూ కనిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అద్భుతం. నేను కలలో చూసింది ఇదే. ఏమయ్యా, ఫారం తియ్యి" అన్నారు నాతో.

నేను ఫోనులో ఫారం తీశాను. పేరు, వయసు, రంగు, తోక పొడవు అన్నీ నిండాయి. 'పథకానికి ముందు కోళ్ళపై చేసిన దాడులు' అన్న గడి దగ్గర ఆగాను.

"సున్నా వెయ్యి" అన్నారు.

వేశాను. ఎర్రగా వచ్చింది. "సున్నా తీసుకోవడంలేదు సార్. కనీసం పన్నెండు ఉండాలంటోంది."

అధికారిగారు ఆలోచనలో పడ్డారు. "అవునయ్యా, నిజమే. ముందే సున్నా ఉంటే తరవాత దేన్ని తగ్గిస్తాం? ఈ కుక్కకి అర్హత లేదు."

"అదేంటి బాబూ, మీక్కావాల్సింది కోళ్ళ జోలికి పోని కుక్కే కదా?" అంది పెద్దమ్మ.

"మాక్కావాల్సింది కోళ్ళ జోలికి పోవడం మానేసిన కుక్క అమ్మగారూ. మీ కుక్క మానలేదు. అసలు మొదలే పెట్టలేదు."

"పోనీ పన్నెండని వేసెయ్యనా సార్?" అన్నాను, వృత్తిధర్మంగా.

ఆయన నావైపు చూసిన చూపులో అంత బాధ నేనెన్నడూ చూడలేదు. "అబద్ధం రాయమంటావా? నా సర్వీసులో ఒక్క అబద్ధం రాయలేదు. పైగా ఒక్కో దాడికీ ఒక్కో ఫోటో పెట్టాలి. అబద్ధం రాయకూడదయ్యా. నిజాన్ని తయారుచెయ్యాలి."

అలా తీర్మానమైంది. ముందు మేనేజరుకి కోళ్ళని తరమడం నేర్పుతారు. పన్నెండు దాడులు పూర్తవగానే తరమకుండా ఉండటం నేర్పుతారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల బాబూ?" అంది పెద్దమ్మ.

"అడుసు తొక్కకపోతే కాలు కడిగినట్టు ఎలా చూపిస్తామమ్మా?" అన్నారాయన ఎంతో ఓపికగా.

మర్నాడే శాఖ తరఫున ట్రైనరు దిగాడు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు కొంచెం వంగి ఉండే మనిషి. నాకు బాగా తెలుసు. శాఖలో తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. ఏటా తనని పర్మనెంటు చెయ్యమని నా బల్లమీదే అర్జీ రాయించుకుంటాడు. తొమ్మిది రాశాను. తొమ్మిదికీ 'పరిశీలనలో ఉంది' అని ఒకే జవాబు వచ్చింది. జవాబులో నిలకడ అంటే అదీ.

మొదటిరోజు ట్రైనరు మేనేజరు ముందు గొంతుక్కూచుని, ఎర్రపెట్టని చూపించి, "అదిగో! పట్టు! ఉస్కో!" అన్నాడు. మేనేజరు కోడివైపు చూశాడు, నెమ్మదిగా మొహం పక్కకి తిప్పుకున్నాడు, పెద్దమ్మ చేతివైపు చూశాడు. ఆవిడ అలవాటుకొద్దీ రొట్టెముక్క వేసింది.

"అమ్మా, మీరలా రొట్టె వేస్తే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు ట్రైనరు.

"ఉద్యోగం ఉంటే కదా నాయనా పోవడానికి? తొమ్మిదేళ్ళనుంచీ మావాడితో అర్జీలు రాయించుకుంటున్నావటగా" అంది పెద్దమ్మ. కాని రొట్టె డబ్బా చాటున పెట్టింది, మనసు మెత్తనిది.

రెండోరోజు ఉపన్యాసం ఇచ్చాడు. మూడోరోజు వేరే కుక్కలు కోళ్ళని తరిమే వీడియో చూపించాడు. మేనేజరు వీడియో మధ్యలో నిద్రపోయాడు. శాఖ శిక్షణా తరగతుల్లో చాలామంది చేసే పనే కనక ట్రైనరు కూడా ఏమీ అనుకోలేదు. నాలుగోరోజు అధికారిగారు వచ్చి, "గడువు దగ్గరపడుతోంది. ప్రాక్టికల్‌గా చేసి చూపించవయ్యా" అన్నారు.

ట్రైనరు చొక్కా చేతులు మడిచాడు. నాలుగు కాళ్ళమీద వంగాడు. ఒకసారి నావైపూ, ఒకసారి ఆకాశంవైపూ చూసి, భౌ అంటూ కోళ్ళమీదికి దూకాడు.

పదిహేడు కోళ్ళూ పదిహేడు దిక్కులకి లేచాయి. శాఖ అటెండరు ఫోనుతో ఫోటో తీశాడు. మెకానిక్కులు స్పానర్లు పట్టుకుని గోడెక్కారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒరే, ఈ మనిషికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

"డ్యూటీలో ఉన్నాడు పెద్దమ్మా" అన్నాను.

"దాడి ఒకటి" అని చదివారు అధికారిగారు. "వెరీ గుడ్. కుక్క చూస్తోంది, నేర్చుకుంటుంది. మళ్ళీ."

రెండు, మూడు, నాలుగు. అటెండరు ఒక్కో ఫోటో తీసి కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాడు. చెప్పద్దూ, ఏడో దాడికల్లా ట్రైనరు పనిలో పడ్డాడు. తొమ్మిదో దాడిలో నల్లపెట్టని గోడమూలకి తరిమాడు. పదకొండోసారి దాని తోక ఈక ఒకటి ఊడి చేతికొచ్చింది. పన్నెండోసారి అతను దూకుతుండగా మేనేజరు లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. వెళ్ళి ట్రైనరు ప్యాంటుని వెనకనుంచి పళ్ళతో పట్టుకుని, గేటుదాకా తీసుకెళ్ళి, బయట వదిలి, వెనక్కి వచ్చి పడుకున్నాడు. ట్రైనరు ఒంటిమీద గీత కూడా పడలేదు.

కాని ఫారంలో మరో గడి ఉంది. 'ప్రభుత్వ సిబ్బందిపై దాడులు.' నిజాయితీపరుడైన అధికారిగారు అందులో ఒకటి వెయ్యమన్నారు. వేశాను. కంప్యూటరు వెంటనే ఒక ఉత్తరం తయారుచేసింది. ప్రభుత్వ సిబ్బందిపై దాడిచేసిన కుక్కని శిక్షణ పూర్తవగానే కార్పొరేషను కుక్కల షెడ్డుకి అప్పగించాలి.

ఆ సాయంత్రం పెద్దమ్మ గడపలో కూచుని మేనేజరు తలమీద చెయ్యివేసింది. "వాడు చేసిన తప్పేంట్రా?" అంది. "నేను నేర్పిందే కదా చేశాడు. ఆ షెడ్డులో వేస్తే వీడు రెండు రోజులు కూడా తిండి ముట్టడు." ఆ గడిలో అంకె వేసింది నా చెయ్యే.

రెండోదశ మొదలైంది. ముప్ఫై రోజులు దాడులు లేవని రోజుకో ఫోటోతో నిరూపించాలి. ట్రైనరు రోజూ పదింటికి వచ్చేవాడు. పన్నెండో దాడి తరవాత అతనికి మేనేజరంటే భయం పట్టుకుంది. గేటు తీయగానే మేనేజరు ఒక కన్ను తెరిచేవాడు. ట్రైనరు అక్కడే ఆగి, కోళ్ళవైపు చూసి, వెంటనే మొహం పక్కకి తిప్పుకునేవాడు. అది చూసి పెద్దమ్మ, పాపం పొద్దున్న ఏమీ తినొచ్చినట్టు లేదని, ఒక రొట్టెముక్కా టీ ఇచ్చేది. వారం తిరిగేసరికి అతను కోళ్ళ మధ్య నెమ్మదిగా నడిచేవాడు. పదిహేను రోజులకి కోళ్ళన్నీ అతన్ని చూసి రెక్క విదల్చడం మానేశాయి. ఇరవయ్యో రోజున గోడకి చేరగిలబడి కునుకు తీస్తుంటే నల్లపెట్ట వచ్చి అతని ఒళ్ళో కూచుంది. అటెండరు అన్నిటికీ ఫోటోలు తీసి ఎక్కించాడు.

ముప్ఫయ్యో రోజు మధ్యాహ్నం సర్టిఫికెట్టు వచ్చింది. నా బల్లమీదే ముద్రించాను. రంగుల కాగితం, మంత్రిగారి సంతకం, కింద ఇలా ఉంది: ముందు దాడులు పన్నెండు, తరవాత దాడులు సున్నా, ప్రగతి నూటికి నూరు. పైన ఫోటో ఉంది. పన్నెండు ఫోటోల్లోనూ కోళ్ళమీద దూకినదీ, ముప్ఫై ఫోటోల్లోనూ దూకకుండా ఉన్నదీ ఒకే మొహమని కంప్యూటరు సరిగ్గానే గుర్తుపట్టింది. ఆ మొహం ట్రైనరుది.

పరుగున వెళ్ళి అధికారిగారికి చూపించాను. ఆయన కాగితాన్ని రెండువైపులా తిప్పిచూశారు. "అంకెల్లో తప్పు లేదే" అన్నారు.

"అంకెల్లో లేదు సార్. కుక్కలో ఉంది."

"ఇప్పుడేం చెయ్యలేం. మంత్రిగారు సంతకం చేశారు. రేపు పొద్దున్న వచ్చి స్వయంగా మెడకి పట్టీ కడుతున్నారు. సంతకం పెట్టినాక అది తప్పెలా అవుతుందయ్యా?"

మర్నాడు పెద్దమ్మ వాకిట్లో టెంటు వేశారు. కెమెరాలు వచ్చాయి. మంత్రిగారు వచ్చి పావుగంటసేపు శాంతి గురించి మాట్లాడారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ మేనేజరు వేదిక కిందే నిద్రపోయాడు, నాలుగు కోళ్ళు వాడిమీద. ఎవరూ అటు చూడలేదు. తరవాత మంత్రిగారు శాఖ ముద్ర ఉన్న తోలుపట్టీ చేతిలోకి తీసుకుని, "ఏదీ మన విజేత?" అన్నారు.

అధికారిగారు ట్రైనరుని ముందుకి నెట్టారు. మంత్రిగారు సర్టిఫికెట్టులో ఫోటో చూశారు, మనిషిని చూశారు, ఎదురుగా కెమెరాల్ని చూశారు. ఆయన నలభై ఏళ్ళ రాజకీయ జీవితంలో ఒక్కసారి కూడా తడబడలేదని అందరూ అంటుంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

"కరవదు కదా?" అన్నారు.

"ముప్ఫై రోజులుగా లేదు సార్" అన్నారు అధికారిగారు.

ట్రైనరు వెనక్కి తిరిగాడు. "సార్, చిన్న మాట" అని అధికారిగారి చెవి దగ్గరికి వంగాడు. పక్కనే ఉన్నాను కనక నాకూ వినిపించింది. "ఈ రిజిస్ట్రేషను ఏటా రెన్యువల్ చేయించుకోవాలా?"

"అక్కర్లేదు. జీవితాంతం. నెలనెలా పోషణభత్యం. వైద్యం ఉచితం."

"అంటే పర్మనెంటా సార్?"

"పర్మనెంటే."

ట్రైనరు మోకాళ్ళమీద కూచుని మెడ చాపాడు. మంత్రిగారు పట్టీ కట్టి, తల నిమిరారు. చప్పట్లు మోగాయి. ట్రైనరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొమ్మిది అర్జీలు రాసినవాణ్ణి, నాకూ తిరిగాయి.

సభ ముగిశాక పెద్దమ్మ కొంగు నడుముకి చుట్టి నేరుగా అధికారిగారి ముందుకి వెళ్ళింది. "బాబూ, కోళ్ళ సంగతి సరే. సర్టిఫికెట్టున్న జీవి వాకిట్లో ఉంది కాబట్టి అవి తిరగొచ్చు. మరి నా మేనేజరు మాటేంటి? సిబ్బందిని పట్టుకున్నాడని రాశారుగా!"

అధికారిగారు ఫైలు తెప్పించుకుని పైనుంచి కిందికి చదివారు. "ఎవర్ని పట్టుకుంది? ఈయన్నే కదా? ఈయన ఇప్పుడు రిజిస్టరైన శునకం. కుక్కలూ కుక్కలూ పోట్లాడుకుంటే మా శాఖ జోక్యం చేసుకోదమ్మా." ఆ ఉత్తరంమీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టేశారు. పెద్దమ్మ మేనేజరు మెడ కావిలించుకుని, అందరిముందూ, గట్టిగా ఏడ్చేసింది.

మర్నాటినుంచి గేటుమీద 'ఇక్కడ శిక్షణ పొందిన కుక్క ఉంది' అని బోర్డు. ట్రైనరు పదింటికి పట్టీ పెట్టుకుని వచ్చి, టీ తాగి, అయిదింటికి వెళుతున్నాడు. మనిషి కొంచెం ఒళ్ళు చేశాడు. వంగి నిలబడటం మానేశాడు.

మూడోరోజు అటెండరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఏడేళ్ళుగా తాత్కాలికం. అటూ ఇటూ చూసి, "దాడులు పన్నెండు చాలు కదండీ?" అని అడిగాడు.

వారం తిరిగేసరికి పెద్దమ్మ వాకిలే దేశంలో ఏకైక గుర్తింపు పొందిన శిక్షణాకేంద్రమని ఆర్డరు వచ్చింది. ఇప్పుడు గేటునుంచి మోటారు షెడ్డు దాటి వీధిమలుపుదాకా క్యూ ఉంది. డ్రైవర్లు, నర్సులు, డేటా ఎంట్రీ వాళ్ళు, కాలేజీ లెక్చరర్లు. అందరూ తాత్కాలికమే, అందరి చేతుల్లోనూ ఫోన్లే. కొందరు గోడపక్కన నాలుగు కాళ్ళమీద ప్రాక్టీసు చేస్తున్నారు. దరఖాస్తులు వెల్లువెత్తుతున్నాయని మంత్రిగారు సభలో చెప్పారు. నాలుగు రోజులుగా కోళ్ళు గూట్లోంచి బయటికి రావడంలేదు. మేనేజరు గూటి తలుపుకి అడ్డంగా పడుకుని రెండు కళ్ళూ తెరిచే ఉంచుతున్నాడు. ఆసుపత్రి క్యాంటీను వాళ్ళు గుడ్లేవని రెండుసార్లు కబురు పెట్టారు.

ఈ పొద్దున్న పెద్దమ్మ గోడమీదుగా ఆ క్యూ కొసదాకా చూసింది. "మేనేజరు కూనగా ఉన్నప్పుడే దొరికాడు కనక సరిపోయింది. వీళ్ళు బాగా ముదిరిపోయార్రా" అని నిట్టూర్చింది. తరవాత లోపలికి వెళ్ళి, అటకమీంచి పాత తాడు దింపి, ఒక కొస నడుముకి చుట్టుకుని, రొట్టె డబ్బా చంకన పెట్టుకుని గేటు తీసింది.

"ఎవరు నాయనా ముందు?"

మొట్టమొదట నిలబడినాయన కాలేజీలో పదకొండేళ్ళుగా పాఠం చెబుతున్న లెక్చరరు. డిగ్రీ కాగితాల ఫైలు జాగ్రత్తగా గోడమీద పెట్టి, మెడ ముందుకి వంచాడు.